అట్టమీది గడ్డికట్ట గారికి

మహారాజరాజశ్రీ గడ్డికట్ట గారి దివ్యసముఖానికి ఒక శ్రోత నమస్కరించి రాసుకునే మనవి. ఉభయకుశలోపరి.

1971లో అట్లాంటిక్ రికార్డుల కంపెనీ జాన్ ప్రైన్ అనే పాతికేళ్ల అమెరికా గాయకుడి తొలి ఆల్బం విడుదల చేసింది. దాని అట్ట మీద మీరు, మీ మీద కూర్చుని ఆయన. ఇతగాడు అచ్చమైన పల్లె గాయకుడేనని లోకానికి పూచీ పడింది తమరే కదా. అందుకే ఈ సందేహం తమరినే అడుగుతున్నాను.

ఆయన షికాగో పక్కన మేవుడ్‌లో పెరిగినవాడు. సైన్యంలోకి పిలిస్తే జర్మనీలో మెకానిక్కు పని చేసొచ్చాడు. మిగతా కాలం పోస్ట్‌మన్. భుజాన సంచితో వీధులు తిరుగుతూనే పాటలు కట్టుకున్నాడు. 1970లోనే సినిమా సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ షికాగో పత్రికలో ఆయన్ని పాటలు పాడే పోస్ట్‌మన్‌గా పరిచయం చేశాడు. అయినా కంపెనీ వారు టపా సంచి వదిలేసి మిమ్మల్ని పిలిపించారు! అంతకుముందు తాను ఎన్నడూ గడ్డికట్ట మీద కూర్చున్న పాపాన పోలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

లోపల పాటలు విన్నారా? పిల్లలు తలో దిక్కు పోతే పలకరింపుకు మొహంవాచిన ముసలి దంపతులు. యుద్ధం నుంచి పతకంతో పాటు మార్ఫిన్ అలవాటూ తెచ్చుకుని ఇల్లు గుల్ల చేసిన సైనికుడు. వీళ్లెవరికీ తమరితో పని పడదు.

పల్లె పాట మాత్రం ఒకటుంది, కాదనను. ఆయన అమ్మానాన్నల వైపు ఊళ్లు కెంటకీ రాష్ట్రంలో, మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో. అక్కడ గ్రీన్ నది ఒడ్డున పారడైజ్ అనే ఊరుండేది. చుట్టుపక్కల నేల పైపొరంతా చెక్కేసి బొగ్గు తవ్వుకుపోయారు, విద్యుత్కేంద్రం బూడిద మీద పడింది, ఊరు ఖాళీ అయింది. ప్రైన్ పీబాడీ బొగ్గు కంపెనీని పేరు పెట్టి మరీ పాడాడు. గడ్డి మొలవడానికి మన్నే మిగలని ఆ నేల గురించి లోపల ఆయన ఏడుస్తుంటే, పైన అట్ట మీద తమరు పచ్చగా నవ్వుతున్నారు. ఆ పాటకు న్యాయం చేయాలంటే బొగ్గుబస్తా మీద కూర్చోబెట్టాలి.

ఇంకో ముచ్చట. నిర్మాత ఆరిఫ్ మార్దిన్ ఇస్తాంబుల్లో పుట్టినవాడు. రికార్డింగంతా మెంఫిస్ నగరంలో. ఈ ఒక్క కెంటకీ పాట మాత్రం న్యూయార్క్‌లో! ఇంత నగరవాసం మీద పల్లె వాసన పుట్టించాలంటే తమరొక్కరికీ భారమే.

మా దగ్గర మీ బంధువర్గం క్షేమం. జానపదం వీడియో అనగానే గడ్డివామూ ఎడ్లబండీ హాజరు. పాడేవాళ్లు హైదరాబాదు అపార్ట్‌మెంటు నుంచి లిఫ్టు దిగి వచ్చినా సరే.

తమరంత శ్రమపడినా అప్పట్లో అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల పట్టికలో ఆల్బం 154వ మెట్టు దాటలేదట. ఆనాటి తమ అద్దె ఎంత? అదీ గాయకుడి రాయల్టీలోనే కోశారా? తిరుగుటపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక శ్రోత