సర్పి మీది జాజుపూతకు ఒక విన్నపం

మహారాజరాజశ్రీ జాజుపూత గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

నడుముకు ఒక పక్కన మంటగా మొదలై, రెండు మూడు రోజులకు నీటి పొక్కుల వరుసగా తేలే సర్పికి తమరు చేస్తున్న సేవను కొనియాడకుండా ఉండలేను. రోగిని పరగడుపున అరుగు మీద కూర్చోబెట్టి, అరగదీసిన జాజుతో, అంటే ఎర్రమట్టితో, పొక్కుల చుట్టూ పామును గీసి, తలా తోకా కలిస్తే మనిషి దక్కడనీ, కలవకుండా కట్టు వేశాననీ తమ మంత్రగారు చెబుతారు. అవి ఎలాగూ కలవవు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక వెన్ను పక్కన నరాల ముడిలో దాక్కున్న హెర్పిస్ జాతి వైరస్, వయసు మీదపడినప్పుడో ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో మేల్కొని, సాధారణంగా ఒకే నరం వెంట చర్మానికి చేరుతుంది. ఆ నరమేమో ఒంటి నడిమి గీత దాటదు. దాటని పామును దాటనివ్వనందుకు దక్షిణ పుచ్చుకునే వ్యాపారం ఇంకెవరికీ చేతకాదు.

పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే ఎండి రాలతాయి గనుక ఆ కీర్తీ తమదే. పొక్కు కనబడిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెట్టాలని వైద్యులు మొత్తుకుంటారు గానీ, సోమవారం లేచిన పొక్కుకు గురువారం దాకా మంత్రం పడదు. అప్పటికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది. ఆ పైన నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, బనియను అంచు తగిలినా నిప్పు పెట్టినట్టయి పెద్దాయన ఫ్యాను కింద చొక్కా లేకుండా రాత్రంతా కూర్చుంటే, వంకాయ తిని పథ్యం చెడగొట్టుకున్నాడని తమరు తేల్చేస్తారు.

నుదుట లేచిన పొక్కులు ముక్కు కొనకు పాకితే కంటికి ముప్పని కంటి వైద్యులు కంగారుపడతారు. తమరికి అది పడగ గీయడానికి దొరికిన చోటు. ఎన్నడూ ఆటలమ్మ పోయని నిండు గర్భిణి చేతికి జాజు పళ్లెమిచ్చి, చితికిన పొక్కుల పక్కనే, ఆటలమ్మ అంటుకునేంత దగ్గరగా నిలబెట్టడం మరీ పెద్ద మనసు.

తమరి వృత్తి మానమని అడగను. పామును ఇంటి గోడ మీద గీయండి, మంత్రం అక్కడే చదవండి, దక్షిణ పూర్తిగా పుచ్చుకోండి. రోగిని మాత్రం, వారమేదైనా, ఆ రోజే ఆసుపత్రికి పంపండి. ఎలాగూ తగ్గాక పేరు తమకే వస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు