మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు గారికి తిరస్కరణ లేఖ

మహారాజశ్రీ మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు గారి సముఖమునకు,

విషయం: మా ఇంట్లో సినిమాలు పంపే కంప్యూటర్ (మీడియా సర్వర్)లో ట్రాన్స్‌కోడింగ్ ఉద్యోగం – తమ పేరు పరిశీలన – తిరస్కరణ గురించి.

అయ్యా,

పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, సదరు ఉద్యోగానికి తమరిని సిఫారసు చేసినవాళ్ళకు లోటు లేదు. మా బావమరిది చేశాడు. వాడి ఆఫీసులో పక్క సీటు కుర్రాడు చేశాడు. యూట్యూబ్‌లో రంగురంగుల లైట్ల మధ్య కూర్చుని మాట్లాడే ప్రతి పెద్దమనిషీ చేశాడు. అందరిదీ ఒకటే మాట: "పెద్దది తీసుకో, ఫ్యూచర్ ప్రూఫ్." తమ విగ్రహం కూడా అలాంటిదే. అడుగు పొడుగు, మూడు ఫ్యాన్లు, రెండున్నర స్లాట్ల మందం. క్యాబినెట్‌లో బిగిస్తే తమ బరువుకి తమరే వంగిపోతారని కింద ఒక ఊతకర్ర పెట్టాలట. ఆ కర్ర లైట్లతో కూడా దొరుకుతోంది.

ఇంతకీ ఇక్కడి ఉద్యోగం ఏపాటిదో మనవి చేస్తాను. హార్డ్‌డిస్క్ నిండా సినిమాలు. వాటిలో కొన్ని 4కే, హెచ్‌ఈవీసీ అనే కొత్త ఫార్మాట్‌లో, 10 బిట్, హెచ్‌డీఆర్ రంగులతో ఉన్నవి. హాల్లో టీవీ వాటిని ఉన్నవి ఉన్నట్టు ఆడించగలదు, ఎవరి సాయమూ అక్కర్లేదనుకున్నాను. చిక్కంతా బెడ్‌రూమ్‌లో పాత టీవీతోనూ, డాలస్‌లో తమ్ముడితోనూ. పాత టీవీకి ఆ ఫార్మాటే తెలీదు. తమ్ముడి ల్యాప్‌టాప్‌కి తెలుసు కానీ, సెకనుకు 60 మెగాబిట్లు అడిగే ఫైలును మా ఇంటి అప్‌లోడ్ మీద సముద్రాలు దాటించడం అయ్యే పని కాదు. అప్పుడు సర్వర్ ఆ వీడియోని అప్పటికప్పుడు విప్పి, 1080కి కుదించి, పాత టీవీకీ తెలిసిన హెచ్.264 ఫార్మాట్‌గా మళ్ళీ కట్టి, 8 మెగాబిట్లలో పంపాలి. ట్రాన్స్‌కోడింగ్ అంటే ఇదే, ఉద్యోగం ఇంతే. జీతభత్యాలు కరెంటు రూపంలో.

ఈ పని కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు మొదట అడిగిన ప్రశ్న, "ఏ గేమ్ ఆడతారన్నా?"

గేమ్‌లు ఆడనన్నాను.

"ఎడిటింగా?"

కాదు, ట్రాన్స్‌కోడింగ్ అన్నాను.

కాసేపు ఆలోచించి, "అది ఏ ప్లాట్‌ఫామ్ మీద వచ్చిందన్నా, నేనింకా ఆడలేదు" అన్నాడు. ఆ పిల్లాడిని తప్పు పట్టలేను. తమ డబ్బా మీద ఆ నాలుగు వైపులా రాసినదాంట్లో ఈ ఉద్యోగానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఫ్రేములున్నాయి, టెరాఫ్లాప్‌లున్నాయి, డ్రాగన్ బొమ్మ ఉంది.

అయ్యా, దాచి లాభం లేదు. ఈ పని చేసేది తమరు కాదు. తమలో ఒక మూల ఉండే, వీడియోని కట్టే చిన్న ముక్క. ఎన్వీడియా వాళ్ళు దాన్ని ఎన్వెంక్ అంటారు, 2012లో కెప్లర్ తరం కార్డులతో మొదలైంది. వీడియో విప్పేదానికి పక్కనే ఇంకో ముక్క, ఎన్వీడెక్. తమరు గొప్పగా చెప్పుకునే వేలాది కోర్లకి ఇందులో దాదాపు పనే లేదు, హెచ్‌డీఆర్ రంగులు మామూలు తెరకి వెలిసిపోకుండా మార్చేటప్పుడు కాస్త చెయ్యి వేయడం తప్ప. మిగతా సమయమంతా జీతంతో కూడిన సెలవు. పైగా చిన్న కార్డు ఆర్‌టీఎక్స్ 3050లో ఉన్న ఎన్వెంకే పెద్ద కార్డు 3090లోనూ ఉంది, అదే తరం, అదొక్కటే. 4090కి రెండు, 5090కి మూడు ఇచ్చారని ఒప్పుకుంటాను. కానీ ఆ 5090 గారి భోజనం 575 వాట్లు. మా ఇంట్లో ఉన్నది నలుగురం, అందులో ఇద్దరం తొమ్మిదిన్నరకే నిద్రపోతాం.

తమ వంశంలో ఇంకో ఆచారం ఉంది. గేమింగ్ కార్డులకి పెట్టే జీఫోర్స్ అన్న పేరుంటే ఒకేసారి ఎన్ని వీడియోలు ఎన్‌కోడ్ చేయొచ్చో, అంటే కట్టొచ్చో, కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనే గిరి గీశారు. చాలా ఏళ్ళు 2. తర్వాత దయతలచి 3. 2023లో 5. 2024లో 8. కార్డులో ఒక్క ట్రాన్సిస్టర్ కూడా అటూ ఇటూ కదల్లేదు, పాత కార్డుకే డ్రైవర్ అప్‌డేట్‌తో రాత్రికి రాత్రి సత్తువ పుట్టుకొచ్చింది. అదే చిప్పుకి ఆఫీసు పనుల కార్డుగా క్వాడ్రో పీ2000 అని పేరు మారిస్తే గిరి లేదు. అందుకే జీటీఎక్స్ 1060 జాతి చిప్పుతో 2017లో వచ్చిన ఆ 75 వాట్ల కార్డు మీడియా సర్వర్ల జనానికి ఏళ్ళ తరబడి ఇలవేల్పుగా వెలిసింది. మిగిలినవాళ్ళు గిరి చెరిపేసే ప్యాచ్ వేసుకుని పని కానిచ్చారు. డబ్బు పెట్టి కొన్న వస్తువుని దొంగచాటుగా వాడుకునే భాగ్యం తమ దయ వల్లే కలిగింది.

పెద్దవాళ్ళతో మనకెందుకని తమ చిన్నవాళ్ళ వైపు చూద్దామంటే అక్కడ పేర్ల మాయ. జీటీ 1030 చవక, చిన్నది, విడిగా కరెంటు కనెక్టర్ అడగదు, చూడముచ్చటగా ఉంటుంది. దానికి ఎన్‌కోడరే లేదు. ఏఎండీ వాళ్ళు 2022లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6400కీ, 6500 ఎక్స్‌టీకీ కూడా లేదు. జీటీఎక్స్ 1650 అని 2019 ఏప్రిల్‌లో వచ్చినదానికి వెనకటి తరం ఎన్‌కోడర్ పెట్టి, అదే ఏడాది నవంబర్‌లో చివర 'సూపర్' తగిలించి వదిలినదానికి కొత్తది పెట్టారు. డబ్బా మీద ఈ తేడా వెతికితే దొరకదు. ఇంటర్వ్యూలో అన్నిటికీ తల ఊపి, చేరిన రోజున "నాకు రాయడం రాదండీ, చదవడం ఒక్కటే వచ్చు" అనే గుమాస్తాలు వీళ్ళు.

ఇంకో సంగతి. తమకి చూపే గానీ వినికిడి లేదు. ఆడియో మార్చాల్సి వస్తే, ఉదాహరణకి డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్ పలకని టీవీ కోసం దాన్ని ఏఏసీ అనే ఫార్మాట్‌గా చేయాల్సి వస్తే, ఆ పని చేసేది ప్రాసెసరే. తమరు లక్ష రూపాయల వారైనా సరే, పక్కకి తిరిగి కూర్చుంటారు.

కరెంటు సంగతి క్లుప్తంగా. సర్వర్ రాత్రీ పగలూ ఆన్‌లో ఉంటుంది. తమరు ఊరికే కూర్చుని 20 వాట్లు తిన్నా నెలకి 14 యూనిట్ల పైచిలుకు. తెలంగాణలో గృహజ్యోతి లబ్ధిదారులు 200 యూనిట్ల గీత ఎక్కడ దాటుతుందోనని నెలాఖరున మీటర్ వైపు ఎలా చూస్తారో తమరికి తెలియదు.

ఇక ఉద్యోగం ఎవరికిచ్చామో తెలియజేయడం మర్యాద. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటర్ డబ్బాలో 8వ తరం ఇంటెల్ ఐ5 ఉంది. దాని ప్రాసెసర్‌లోనే ఓ మూల గ్రాఫిక్స్, అందులో వీడియో విప్పి కట్టే ముక్క, క్విక్ సింక్. 2011 నుంచి ఇంటెల్ చిప్పుల్లో ఉంటున్న ఈ మనిషిని ఎవరూ మనిషిగా లెక్కేయలేదు. మొన్న తమ్ముడు అక్కడ సినిమా పెట్టిన సమయానికి గ్రాఫిక్స్ వాడకం చూపే ఇంటెల్ జీపీయూ టాప్ తెరిచి చూశాను. వీడియో అన్న గీత లేచి ఒక చోట స్థిరంగా నిలబడింది. రంగుల మార్పిడికి రెండర్ గీత కొంచెం కదిలింది. ప్రాసెసర్ వాడకం అడుగునే ఉంది. ఫ్యాన్ చప్పుడు కూడా మారలేదు. మీడియా సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్‌లో దీన్ని సెట్టింగుల్లో ఆన్ చేసుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. అలాంటిదే ఇంకోటి, ప్లెక్స్‌లో అయితే హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కి ప్లెక్స్ పాస్ కొనాలి. అంటే తమరిని కొన్నాక, తమరు పని చేయడానికి విడిగా అనుమతి కూడా కొనాలి.

పనిలో చేరగానే ఆయన చేసిన మొదటి విచారణలో తేలిందేమిటంటే, అసలు సగం ట్రాన్స్‌కోడింగ్ అక్కర్లేనిది. హాల్లో టీవీ యాప్‌లో క్వాలిటీ '720పీ, 4 మెగాబిట్లు' అని ఉంది. ఎవరు మార్చారో ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. 'ఒరిజినల్' అని పెట్టగానే ఆ టీవీ తరఫు పని మాయమైంది. అలాంటి అక్కర్లేని పనే ఇంకొంత మా ఆవిడ మలయాళం సినిమాల దగ్గర దొరికింది. బ్లూరే నుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. అవి చూపించలేని యాప్ అయితే ఆ బొమ్మల్ని వీడియో మీద అచ్చు వేసి మొత్తం మళ్ళీ ఎన్‌కోడ్ చేయాలి, కింద కనిపించేది "సరే" అన్న రెండక్షరాలైనా సరే. అక్షరాలే ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలుని సినిమాకి జత చేస్తే ఆ తలనొప్పి పోయింది.

అయితే తమ జాతి మొత్తానికి తలుపులు మూసేశామని అనుకోవద్దు. మా క్విక్ సింక్‌కి హెచ్‌ఈవీసీ కన్నా కొత్త ఫార్మాట్ ఏవీ1 రాదు, ఆ ఫైళ్ళు వస్తే ప్రాసెసర్ చెమటోడ్చాల్సిందే. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన క్విక్ సింక్‌లు వాటిని విప్పగలవు. మరీ పాత జియాన్ సర్వర్ ఉన్నవాళ్ళకీ, కాస్త తక్కువకి వస్తోందని గ్రాఫిక్స్ లేని, పేరు చివర ఎఫ్ తోక ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొన్నవాళ్ళకీ కార్డు కావాలి. అప్పుడు కూడా పిలుపు తమరికి రాదు. ఇంటెల్ వాళ్ళ చిన్న కార్డు ఆర్క్ ఏ380కో, దాని తమ్ముడు ఏ310కో వెళ్తుంది. ఏ380 పూర్తిగా ఊపిరి బిగబట్టినా 75 వాట్లు, ఏవీ1 ఎన్‌కోడింగ్ కూడా వచ్చు. బయోస్‌లో ఏఎస్‌పీఎమ్ అనే కరెంటు పొదుపు సెట్టింగ్ సరిచేయకపోతే ఊరికే కూర్చుని కరెంటు తినే జబ్బు దానికీ ఉంది, ఆ మాట ముందే చెప్పి పెట్టుకుంటాం.

కావున, తమ సర్టిఫికెట్లు తిప్పి పంపడమైనది. తమరికి తగిన కొలువులు బయట బోలెడున్నాయి. గేములున్నాయి, ఏఐ ఉంది, మా బావమరిది ఉన్నాడు.

ఇట్లు,
నియామకాధికారి,
టీవీ స్టాండు వెనక గది.

ప్రతులు:
జీటీ 1030 గారికి, సమాచార నిమిత్తం.
ఐ5-12400ఎఫ్ గారికి, సంజాయిషీ కోరుతూ.
బెడ్‌రూమ్ టీవీ గారికి, హెచ్‌ఈవీసీ ఎప్పటికి నేర్చుకోగలరో వారం లోపు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా.