పులిసిన బీరు వేరు, పాడైన బీరు వేరు

పోయిన వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. సాయంత్రానికల్లా చిత్తూరు, తిరుపతి మిత్రుల గ్రూపులన్నింటిలోనూ అదే. సోర్ ఏల్ అనే పుల్లటి బీరు గురించిన ఆ సందేశం సారాంశం ఇది: ‘సోర్ ఏల్ పేరుతో అమ్ముతున్నది చెడిపోయిన బీరు. పారబోయడానికి మనసొప్పక పాత చెక్కపీపాల్లో పోసి, పళ్ళ రంగూ ఎసెన్సూ కలిపి కొత్త సరుకని అమ్ముతున్నారు. పీపాలో పట్టిన బూజు చూడండి. ఇది విషం.’ కింద ఒక పీపా లోపలి ఫోటో, ద్రవం మీద ముడతలు పడిన తెల్లటి పొర.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేస్తాను. ఏది పులుపో, ఏది పులిసిందో, ఏది పాడైందో తేల్చి చెప్పడమే నా ఉద్యోగం. పైగా ఈ వేసవిలో బెల్జియం నుంచి సెలవులకు వచ్చిన మా అన్నయ్య కొడుకు రాస్ప్‌బెర్రీ పళ్ళతో చేసిన లాంబిక్ (బెల్జియంలో చేసే ఒక రకం సోర్ ఏల్) సీసా ఒకటి తెస్తే, తిరుపతిలో మా డాబా మీద నలుగురం పంచుకున్నాం. చూసిన వస్తువు గురించి, తెలిసిన విషయం గురించి ఇంత అబద్ధం తిరుగుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదట ‘చెడిపోయిన బీరు’ అన్న మాట. ఇందులో ఒక గింజంత నిజం ఉంది, దాన్ని దాచను. మామూలు బీరులో చేరితే పాడుచేసే లాక్టోబాసిల్లస్, పెడియోకోకస్ బాక్టీరియాలే సోర్ ఏల్‌కు పులుపునిస్తాయి. తోతాపురి గుజ్జు నింపిన డ్రమ్ములో ఈస్ట్ దూరితే లోపలి సంచి ఉబ్బుతుంది, ఆ సరుకును మేము పక్కన పడేస్తాం. అదే ఈస్ట్ ఇడ్లీ పిండిలో ఉంటే ఎవరూ పారబోయరు. సూక్ష్మజీవి ఒకటే అయినా, పిలవకుండా వచ్చిందా, పిలిచి కూర్చోబెట్టామా అన్నదే తేడా. పాలు విరిగిపోవడాన్నీ తోడు వేసి పెరుగు చేయడాన్నీ మన ఇళ్ళలో ఏ తల్లీ ఒకటిగా చూడదు. అసలు మన భాషలోనే పులవడానికి ఒక మాట, పాచిపోవడానికి ఒక మాట, మురగడానికి ఇంకో మాట ఉన్నాయి. సందేశం రాసిన పెద్దమనిషి ఆ మూడింటినీ ఒకే గంపలో వేశాడు.

లాంబిక్ తయారీ చూస్తే ఎవరో పారబోయలేక అమ్మిన సరుకు ఎంతమాత్రం కాదని అర్థమవుతుంది. బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు సుమారు మూడో వంతు మొలకెత్తించని గోధుమలు వేసి కాచిన రసాన్ని, బ్రస్సెల్స్ చుట్టుపక్కల, వెడల్పాటి లోతులేని తొట్టిలో పోసి, గాలిలోని ఈస్టూ బాక్టీరియా అందులో చేరేలా రాత్రంతా వదిలేస్తారు. చలికాలపు నెలల్లోనే ఈ పని చేస్తారు. వేసవి గాలిలో అక్కర్లేని జీవులు ఎక్కువ. తర్వాత ఓక్ పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ళ దాకా ఉంచుతారు. ఇది నిన్నమొన్నటి ఎత్తుగడ కూడా కాదు. బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ అనే లాంబిక్ తయారీశాల 1900లో మొదలైంది. బెల్జియంలోనే ఫ్లాండర్స్ ప్రాంతంలో పుల్లటి ఎర్ర బీరుకు పేరుపడ్డ రోడెన్‌బాక్ తయారీశాల 1821 నాటిది.

ఇక బూజు. ఎక్కువమందిని భయపెట్టింది ఆ ఫోటోయే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. ఆవకాయ జాడీలో నూనె తేలకపోతే పైన బూజు పడుతుంది, మనం కంగారు పడతాం. అది సరైన కంగారే. కానీ బూజుకు నూగు ఉంటుంది, నలుపో ఆకుపచ్చో రంగు తేలుతుంది. ఫోటోలోని పొరను పెద్దది చేసి చూడండి. చల్లారిన పాల మీద మీగడలా పలుచగా, ముడతలతో, అక్కడక్కడా బుడగలతో ఉంది. ఎక్కడా నూగు లేదు. గాలి తగిలిన చోట ఈస్టూ బాక్టీరియా కలిసి కట్టుకునే పొర అది. అందులో ముఖ్యమైన ఈస్ట్ బ్రెటనోమైసిస్. కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ 1904లో దానికా పేరు పెట్టాడు. ఇంగ్లండులో ఏళ్ళ తరబడి నిలవ ఉంచే బీర్లలో కనిపించింది కాబట్టి ‘బ్రిటన్ శిలీంధ్రం’ అన్న అర్థం వచ్చే పేరు. పీపాల వాళ్ళు ఆ పొరను కదపరు, కింది నుంచి బీరు తీసుకుంటారు.

పాత పీపా అన్నది ఆరోపణ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. పాతదే కావాలి. ఇంతకుముందు వైన్ నిల్వచేసిన పీపాలను వేడినీళ్ళతో, ఆవిరితో కడిగి వాడతారు. చెక్క రంధ్రాల్లో మిగిలిన ఈస్ట్ వచ్చే విడతకు తోడులా పనికొస్తుంది, చెక్క గుండా చొరబడే కొద్దిపాటి గాలి దానికి చాలు.

రంగు, ఎసెన్సు గురించి. సందేశంలో ఒక వాదన ఉంది: ‘నిజంగా పళ్ళు వేస్తే తియ్యగా ఉండాలి కదా, ఇది ఎందుకు తియ్యగా లేదు?’ వినడానికి సబబుగా అనిపిస్తుంది, కానీ తలకిందుల వాదన. పండులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది పండు పులుపు, వాసన, రంగు, గింజల ఒగరు. పులిశాక చివర్లో సిరప్ కలిపితేనే తీపి నిలబడే అవకాశం ఎక్కువ. డాబా మీద మొదటి గుక్కలో నాకు తెలిసింది కూడా ఇదే. ‘బాబాయ్, కాస్త చల్లదనం తగ్గనివ్వండి’ అని మావాడు పది నిమిషాలు ఆపాడు. తర్వాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన చెక్క వాసన, దాని వెనక నలిపిన పండు. నోట్లో ముందుగా నిమ్మ ఉప్పులాంటి పదును, దవడలు లాగాయి. తర్వాత నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే ఒగరు. తీపి జాడ లేదు.

మిగిలిన రెండు చెంచాలను తెల్ల సాసరులో పోసి చిటికెడు వంటసోడా వేశాను. బుస్సున పొంగి, మాణిక్యం ఎరుపు కాస్తా మబ్బుపట్టిన ఊదాలోకి మారింది. పళ్ళలోని ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల స్వభావం అది, పులుపులో ఎరుపు, క్షారంలో నీలం వైపు. నేరేడు రసంతో మీ వంటింట్లోనే చేసి చూడవచ్చు. అలాగని ప్రతి సీసాలోనూ నిజమైన పళ్ళే ఉంటాయని నేను పూచీ పడను. ఎసెన్సు కలిపేవాళ్ళూ ఉన్నారు, సీసా వెనక పదార్థాల పట్టీ చదవండి. నా అభ్యంతరమల్లా అందరినీ ఒకే గాటన కట్టడం మీదే.

‘విషం’ అన్న మాటకు నా దగ్గర ఒక అంకె ఉంది. పులుపును కొలిచే లెక్క పీహెచ్, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మా రంగంలో అందరికీ తెలిసిన గీత పీహెచ్ 4.6. అంతకంటే కిందికి దిగితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే బాక్టీరియా పెరగలేదు. తోతాపురి గుజ్జు 4కు అటూ ఇటూ ఉంటుంది. ఆ సీసాలోది నా జేబు మీటరులో 3.4 చూపింది. దానికి ఆల్కహాలు, బీరులో వేసే హాప్స్ పూలు తోడు. రోగకారక క్రిములకు ఇది ఊరు కాదు.

కానీ ఈ సందేశానికి జవాబుగా కొందరు ఎదురు పంపుతున్నదీ అంతే తప్పు: ‘పెరుగులాంటిదే, పళ్ళున్నాయి, ఒంటికి మంచిది.’ కాదు. ఆల్కహాలు క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఎంత తక్కువ తాగినా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మద్యం సీసా మీద ఆరోగ్యానికి మేలని రాయడాన్ని మన ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. తాగవద్దని చెప్పదలచుకున్నవాళ్ళకు ఇన్ని నిజాలు చేతిలో ఉన్నాయి. బూజు ఫోటో ఎందుకు? రేపు ఒక కుర్రవాడు అది బూజు కాదని తెలుసుకుంటే, క్యాన్సరు మాట కూడా అబద్ధమే అనుకుంటాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఇవన్నీ గ్రూపులో రాశాక మా బావగారు ఫోన్ చేసి, ‘అయితే నిజంగా పాడైనదాన్ని ఎలా గుర్తుపట్టాలి?’ అని అడిగారు. మంచి ప్రశ్న. పులుపు నాలుక మీద ఆగకుండా వెనిగర్‌లా గొంతు మండిస్తే పీపాలోకి గాలి ఎక్కువ చేరిందని అర్థం. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన కొడితే అంతకన్నా పాడైంది. నిజంగా నూగు బూజు కనిపిస్తే ఆలోచించే పనే లేదు. ఆ మూడింటిలో ఏది ఉన్నా, ఎంత ఖరీదైన సీసా అయినా పారబోయమన్నాను. ఆయన ఆ మూడు గుర్తులనూ రాసుకుని, తాను పంపిన ఫోటోను గ్రూపులోంచి తీసేశారు.