2.8 మిల్లీమీటర్ల నిజాయితీ

8 అంగుళాలను 72తో భాగిస్తే సుమారు 2.8 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలియనివాళ్ల మధ్య కాపురం ఎంత కష్టమో ఒంగోలులో నన్నడగండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్ విమానాల ఒంటి మీద, తోకకు కాస్త ముందు, 8 అంగుళాల ఎత్తు అక్షరాలతో సీరియల్ నంబరు ఉండేది. మన బళ్లకు రిజిస్ట్రేషన్ నంబరు లాంటిదే. నేను కడుతున్న స్పిట్‌ఫైర్ బొమ్మ అసలు విమానంలో 72వ వంతు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు జానెడు కూడా రాదు. కాబట్టి దాని నంబరు 2.8 మిల్లీమీటర్లే ఉండాలి. 3 ఉంటే చరిత్రకు ద్రోహం చేసినట్టే.

పైగా అది ఆషామాషీ విమానం కాదు. 1940లో జర్మన్ విమానాలతో జరిగిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడిన 234వ స్క్వాడ్రన్‌ది. పక్కన ఏ, జెడ్ అని పెద్ద అక్షరాలు. ఆ దళానికి పెట్టిన పేరు మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. ఆ ప్రెసిడెన్సీలో నెల్లూరూ ఉంది, ఒంగోలూ ఉంది. అందులో కనీసం ఒక మరమేకు మాదేనని నా వాదన. ఆ రోజుల్లో 5000 పౌండ్లు చందా ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద నచ్చిన పేరు రాయించుకోవచ్చు. ఊళ్లూ, కంపెనీలూ ఎగబడి రాయించుకున్నాయి. అద్దంకి బస్టాండ్ దగ్గర ఆటోల వెనక కనపడే ‘నాన్న బహుమతి’ ఎంత ఘనమైన సంప్రదాయానికి వారసురాలో పండితులు ఇకనైనా గుర్తించాలి.

ఈ అక్షరాలూ గుర్తులూ డెకాల్స్ అనే పలచటి అచ్చు పొరల రూపంలో వస్తాయి. డెకాల్‌ను స్టిక్కర్ అనేవాళ్లతో నేను మాటలు మానేశాను. కత్తిరించిన ముక్కను గోరువెచ్చని నీళ్లలో వేసి, అది కాగితం మీద జారడం మొదలయ్యాక విమానం మీదికి నెట్టాలి. మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీళ్లయితే డెకాలే కాదు, విమానమే జారిపోతుంది. మెరుపు లేని పెయింటు మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా తెల్లగా కనపడుతుంది. అందుకని ముందు మెరిసే వార్నిష్ కొట్టాలి. ఇంత చేసినా ఫ్యాన్ వేస్తే సర్వనాశనం. రోజుకు గంటసేపు ఫ్యాన్ ఆపించినందుకు మా ఇంట్లో నా మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఒంగోలు ఎండ వల్ల ఒక్క మేలు మాత్రం ఉంది. పాతబడి పసుపెక్కిన డెకాల్ షీటును కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే ఆ పసుపు విరిగి తెల్లబడుతుంది. మేడ మీద వడియాలు, కిటికీకి డెకాల్స్. రెండిటికీ కాకుల కాపలా నాదే.

నిజం ఎంత చిక్కుదో చెప్పాలంటే నార్మండీ చారలు చూడాలి. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద దాడికి ముందు మిత్రపక్షాల విమానాల మీద మూడు తెల్లవి, రెండు నల్లవి చారలు హడావుడిగా పూశారు. చాలావాటి మీద అవి వంకరే. ఇప్పుడు వంకరగా వేస్తే చేతకానివాడు, వంకరగా రావాలని స్కేలు పెట్టి కొలిచి వేస్తే పండితుడు.

అన్నిటికన్నా పెద్ద గొడవ జర్మన్ ఫైటర్ విమానం మెస్సర్‌ష్మిట్‌తో వచ్చింది. నాజీ చిహ్నాల మీద జర్మనీలో నిషేధం ఉంది కనక చాలా కంపెనీలు తోక మీది స్వస్తికను ముక్కలు చేసి ఇస్తాయి, లేదంటే అసలు ఇవ్వవు. నాకు దొరికిన షీటులో లేదు. బోడితోకను మా అమ్మ చూసింది.

“కొత్త బండికి స్వస్తిక్ వెయ్యకుండా ఎట్టా తీస్తావురా బయటికి?” అంటూ పసుపు గిన్నె తెచ్చింది.

“ఇది ఆ స్వస్తిక్ కాదమ్మా. హిట్లర్‌ది. 45 డిగ్రీలు వాలి ఉంటుంది.”

“ఆయనకు వెయ్యడం రాలేదు. నువ్వు జరుగు.”

ఫిన్లాండ్ వైమానిక దళం 1918 నుంచే నీలం స్వస్తిక వాడిందనీ, వాళ్లకు విమానం దానమిచ్చిన స్వీడన్ జమీందారు తన అదృష్టచిహ్నంగా వేసుకున్నదే అదనీ చెప్పి ఉండాల్సింది కాదు. “చూశావా, ఆయన తెలిసినవాడు” అని బొట్టు కూడా పెట్టేసింది. ఆ విమానం ఇప్పుడు నిమ్మకాయతో సహా షోకేసులో ఉంది.

మళ్లీ స్పిట్‌ఫైర్‌కు వద్దాం. నంబరులో ఆఖరి 7 తెగి, తడిగా నా వేలి కొసన ఉన్న సమయంలో ఎవరో ఫ్యాన్ వేశారు. ఎవరో తెలుసు, రాయను. రెండు గంటలు నేల మీద బోర్లా పడుకుని వెతికి, చివరికి పరువు చంపుకుని రేడియం స్టిక్కర్ల షాపుకు వెళ్లాను.

“2.8 మిల్లీమీటర్ల 7 ఒకటి కావాలి” అన్నాను.

కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. “ఏంది సార్, చీమకు నంబర్ ప్లేటా?”

విషయమంతా వివరించాను. మిషన్ అంత చిన్నది కొయ్యదన్నాడు. ఎట్లాగో కోసినా, స్టిక్కర్ మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే, అసలు విమానం మీద అది 7 మిల్లీమీటర్ల పలకతో సమానమని నేనే లెక్కకట్టి వద్దన్నాను. ఎంత తప్పు నంబరుతో ఆ పైలట్ ఆకాశంలోకి వెళ్లాలో తలుచుకుంటే నాకు టెన్షన్‌తో చెమట పట్టింది.

కుర్రాడు బయట పెట్టిన నా స్కూటర్ వంక చూశాడు. నంబరు 8055. దాన్ని ఇంగ్లీషులో ‘బాస్’ అని చదువుకునేలా ఆ షాపులోనే రాయించాను. పైన ‘ప్రెస్’ అని ఎర్ర స్టిక్కర్. మా బావమరిది పెళ్లి కార్డులు అచ్చువేస్తాడు.

“ట్రాఫిక్ వాళ్లు ఈ మధ్య అక్షరాలు కొలుస్తున్నారు సార్. ఎట్టాగూ వచ్చారు కదా, దీన్ని సరిగ్గా మార్చేదా?”

“వద్దులే. అది 1/1 స్కేలు” అన్నాను. “ఎవరూ అంత పట్టి చూడరు.”