సవరణ: మొండి టీబీకి హెచ్‌ఐవీ కారణం కాదు

మొన్నటి పోస్టులో "హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఒంట్లో టీబీ క్రిమి మందులకు లొంగకుండా మారిపోతుంది" అని రాశాను. తప్పు. క్రిమిని మొండిగా మార్చేది హెచ్‌ఐవీ కాదు. క్రిమి జన్యువుల్లో మార్పులు వాటంతటవే వస్తుంటాయి, మందులు మధ్యలో ఆపేసినా సరిపోని మోతాదులో వాడినా అలా మారిన క్రిములే మిగిలి పెరుగుతాయి. టీబీకి ముఖ్యమైన మందులు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ పనిచేయకపోతే ఎండీఆర్ టీబీ అంటారు, అది హెచ్‌ఐవీ లేనివాళ్లకీ వస్తుంది.

మరి హెచ్‌ఐవీ పాత్ర ఏంటంటే, ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలా తీసేస్తుంది. మామూలుగా ఏళ్లతరబడి అణిగి ఉండే క్రిమి నెలల్లోనే జబ్బుగా బయటపడొచ్చు. 2005-06లో దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో ఇంకా మొండిదైన ఎక్స్‌డీఆర్ టీబీ 53 మందిలో తేలితే 52 మంది చనిపోయారు, హెచ్‌ఐవీ పరీక్ష చేసిన 44 మందికీ పాజిటివే. అసలు నా కళ్లు తెరిపించింది ఇంకో సంగతి: ఆ రోగుల్లో పాత చికిత్స వివరాలు దొరికినవాళ్లలో సగానికి పైగా అంతకుముందు టీబీ మందు ఒక్కటీ వాడలేదు. అంటే మొండి క్రిమే ఇంకొకరి దగ్గు నుంచి నేరుగా అంటుకుందన్నమాట. "మందులు సరిగ్గా వేసుకోలేదు" అని రోగినే తిట్టేవాళ్లు (నేనూ అలాగే రాశాను, సారీ) ఇది చూడాలి.

ఇంకోటి, ఎండీఆర్ టీబీకి చికిత్స రెండేళ్లు అన్నది పాత మాట. బెడాక్విలిన్ అనే టీబీ మందు ఉన్న నాలుగు మందుల 6 నెలల కోర్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే సిఫార్సు చేసింది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకీ ఇస్తారు. కాకపోతే ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి, అది బెడాక్విలిన్ మోతాదును రక్తంలో తగ్గించేస్తుంది.