జీవో 111 నీరుగారింది ఒక్క రోజులో కాదు
ప్రభుత్వం మారినప్పుడే పర్యావరణ విధానం తలకిందులవుతుందన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించను. జీవో 111నే చూడండి. హైదరాబాద్ జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి ఆ జీవోతో 1996లో 84 గ్రామాల్లో పరిశ్రమలు, నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. మరుసటి ఏడాదే అదే ప్రభుత్వం ఆ జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలోని ఓ నూనెల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఎవరొచ్చినా జీవో కాగితం మీద అలాగే ఉండిపోయింది, కింద మాత్రం ఫామ్‌హౌస్‌లు లేస్తూనే వచ్చాయి. మా మేనమామ వాళ్ల ఊరు ఆ ఆంక్షల ప్రాంతంలోని మొయినాబాద్ దగ్గరే. వాళ్ల చేను పక్క వాగుకి అడ్డంగా ఎవరో ప్రహరీ కట్టేశారు, అడుగున నీళ్లు పోవడానికి రెండు సిమెంటు తూములు పెట్టి. పంచాయతీలో ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. చివరికి ఆ జలాశయాల నీళ్లు నగరానికి పెద్దగా అక్కర్లేదంటూ 2022లో ఆంక్షలే ఎత్తేశారు. అవి కట్టిందే 1908 మూసీ వరద తర్వాత, వరదని ఆపడానికి కూడా! పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదన్న రైతుల బాధ నిజమే. దానికి పరిహారం ఇవ్వాల్సింది, ఇన్నేళ్లలో ఏ ప్రభుత్వమూ ఆ ఊసెత్తలేదు.