కూర్చునే చోటుకి కొలతలు లేని భాష

మన ప్రబంధ కవులు నాయిక నడుము కింది భాగం మీద పద్యాలకి పద్యాలు రాశారు. దాన్ని ఇసుకతిన్నెలతో పోల్చారు, నిండు సభలో చదివారు, రాజుల చేత భళా అనిపించుకున్నారు. కొన్ని వందల ఏళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో ఒక్క కవి, పోనీ ఒక్క వ్యాఖ్యాత, ఆ ఇసుకతిన్నెలకి టేపు పెట్టి ఇన్ని సెంటీమీటర్లు అని రాసిన పాపాన పోలేదు. వాళ్ళ నిర్లక్ష్యానికి ఫలితం ఈ వేసవిలో విజయనగరంలో నేను అనుభవించాను.

ఎక్కడ అనుభవించానో చెప్పడానికి మాట లేకపోవడమే అసలు సమస్య. పిరుదులు అంటే కావ్యం అయిపోతుంది, యాభై రెండేళ్ళ గుమస్తాకి అంత అలంకారం నప్పదు. పిర్రలు అంటే చిన్నప్పటి మాస్టారి బెత్తం గుర్తొస్తుంది. ఇంకో మాట ఉంది, ఊళ్ళో పసిపిల్లలకి కూడా వచ్చు, కానీ దాన్ని తిట్టడానికి తప్ప వాడరు. ఇక మిగిలింది టైలర్ల దగ్గర అరువు తెచ్చుకున్న ‘సీటు’. ప్యాంటు కుట్టించుకునేటప్పుడు ‘సీటు నలభై’ అని టైలరు గట్టిగా అరిచి చెప్తే పక్కనున్న కుర్రాడు పుస్తకంలో రాసుకుంటాడు, ఎవరూ సిగ్గుపడరు. మన సమాజంలో ఆ భాగాన్ని కొలవడానికి లైసెన్సు ఉన్నది ఆయనొక్కడికే. కాకపోతే ఆయన చుట్టుకొలత తీస్తాడు. సైకిలుకి కావాల్సింది ఆ కొలత కాదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కథ మామూలుదే. షుగర్ బోర్డర్లో ఉందన్నారు, నడవండి లేకపోతే సైకిలు తొక్కండి అన్నారు. నడిస్తే దారిలో అందరూ పలకరిస్తారని సైకిలు కొన్నాను. గేర్లది. రోజూ తెల్లారి అయిదింటికి బయల్దేరి నెల్లిమర్ల దాకా, చంపావతి ఏటి గాలి పీల్చుకుని వెనక్కి. మూడో రోజుకి నేను ఆఫీసులో నిలబడి ఫైళ్ళు చూడటం మొదలుపెట్టాను. పనిమీద శ్రద్ధ పెరిగిందని పైఆఫీసరు మెచ్చుకున్నారు కూడా.

కొన్న షాపుకి వెళ్ళి ‘సీటు ప్రాబ్లం’ అన్నాను. ఏ సీటో నేను చెప్పలేదు, ఆ కుర్రాడు అడగలేదు. సైకిలు సీటు పీకేసి, నాకు బాగుంటుందని ఇంకోటి బిగించాడు. పాతిక సెంటీమీటర్ల వెడల్పు, సోఫాలోంచి కోసుకొచ్చినట్టుంది. బొటనవేలితో నొక్కి చూపించాడు, సగం దాకా దిగిపోయింది. ‘ఎంత మెత్తగుందో చూడండి సార్!’ చూశాను. బొటనవేలికి నిజంగానే చాలా సుఖంగా ఉంది.

వారం గడిచింది. నొప్పి తగ్గలేదు, పైగా తిమ్మిరి మొదలైంది. ఎక్కడో ఇక్కడ రాయను, రాస్తే ఇంట్లోవాళ్ళు చదువుతారు. మా బావమరిది వచ్చి, ‘బావా, మెత్తదనం సరిపోలేదు’ అని తేల్చేసి జెల్ కవరు ఒకటి తెచ్చి తొడిగాడు. అదీ చాలకపోతే దాని మీద టర్కీ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తాడుతో కట్టాడు. జారకుండా ఉండాలని సీటు ముక్కు కాస్త పైకి ఎత్తాడు. నా సైకిలు గంటస్తంభం దగ్గర ఆగితే, అమ్మవారి పండక్కి అలంకరించారనుకుని ఓ ముసలావిడ దండం పెట్టబోయింది.

ఇక్కడ మన జాతి సిద్ధాంతం ఒకటి గమనించాలి. నొప్పి ఉందంటే మెత్తదనం తక్కువైనట్టు. బాధ ఉన్నచోట దూది పెట్టు. తగ్గకపోతే ఇంకాస్త దూది. సమస్య కొలతలో ఉండొచ్చని అనుమానించడం మన సంస్కారానికి విరుద్ధం, ఎందుకంటే కొలవాలంటే ముందు దాని పేరు చెప్పాలి.

అసలు సంగతి ఇది. మనం కూర్చున్నప్పుడు బరువు మోసేది కండ కాదు, కటి ఎముక కింద రెండు వైపులా ఉండే రెండు గుబ్బలు. ఆ రెండూ గట్టి ఆధారం మీద ఆనితే చాలు, అవి మొయ్యడానికే పుట్టాయి. సీటు మరీ మెత్తనిదైతే ఏమవుతుంది? దూది దిండు మీద రెండు పిడికిళ్ళు ఆనించి నొక్కి చూడండి. పిడికిళ్ళు దిగిపోతాయి, మధ్యలో దిండు ఉబికి లేస్తుంది. సైకిలు మీద ఆ ఉబికిన చోట ఏముంటుంది? నరాలూ రక్తనాళాలూ. తిమ్మిరి అందుకే. అంటే మా బావమరిది నా మీద ప్రేమతో నాలుగు మడతల తువ్వాలుని సరిగ్గా నా నరాల మీదకి ఎక్కుపెట్టాడన్నమాట.

ఇంగ్లండులో ఇలాంటి సిగ్గు తక్కువనుకుంటాను. బ్రూక్స్ అని ఒకాయన 1866లో బర్మింగ్‌హామ్‌లో గుర్రానికి కట్టే తోలుపట్టీల లాంటి తోలు సామాన్ల వ్యాపారం పెట్టాడు. 1878లో ఆయన గుర్రం చచ్చిపోయింది. ఇంకో గుర్రం కొనే స్తోమత లేక సైకిలు అరువు తెచ్చుకుని తొక్కితే ఆ సీటు ప్రాణం తీసిందట. మనమైతే ఏం చేసేవాళ్ళం? గుర్రాన్ని తలుచుకుని ఏడ్చేవాళ్ళం. ఆయన 1882లో సీటుకి పేటెంటు అర్జీ పెట్టాడు. ఆ రకం సీటులో దూదీ ఉండదు, స్పాంజీ ఉండదు. ఇనప చట్రానికి ముందూ వెనకా తోలు లాగి కడతారు, అచ్చం మన నులకమంచంలా. కూర్చోగా కూర్చోగా మనిషి ఒంటికి తగ్గట్టు ఒంపు తిరుగుతుంది. వదులైతే ముక్కు దగ్గర బోల్టు బిగించుకోవాలి, మనం మంచం కాళ్ళవైపు తాడు బిగించుకున్నట్టు. నులకమంచం మీద తరతరాలు పడుకున్న జాతికి ఈ ఐడియా రాలేదు చూడండి, అక్కడ నాకు కాస్త బాధేసింది. ఈసారి గుండెలో.

మా నాన్నగారి హెర్క్యులెస్ సైకిలుకి ఆ రకం తోలు సీటే ఉండేది, కింద రెండు పెద్ద స్ప్రింగులు. ఆయన దాని మీద ముప్ఫై ఏళ్ళు తిరిగారు, ఒక్కరోజు అబ్బా అన్న గుర్తు లేదు. ఆ రోజుల మనుషులు గట్టివాళ్ళని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి. కాదు, ఆయన పంచె కట్టేవారు. పంచెకి అక్కడ కుట్టు ఉండదు. నేను తొక్కేది జీన్స్ వేసుకుని, నాలుగు కుట్లూ వచ్చి కలిసే కూడలి మీద బరువంతా వేసి. గొయ్యి వస్తే ఆయన పెడల్స్ మీద లేచి నిలబడేవారు, నేను మాత్రం గొయ్యిలోకి కూర్చునే దిగుతాను. ఇంకోటి, కష్టపడి తొక్కేవాడి బరువులో కొంత కాళ్ళే మోస్తాయి. నాలాగా చంపావతి గాలి పీలుస్తూ తీరుబడిగా తొక్కేవాడి బరువు ఇంచుమించు మొత్తం సీటు మీదే.

చివరికి గంటస్తంభం వెనక సందులో ఒక పాత సైకిలు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. సైకిలు చూసి చుట్ట పక్కన పెట్టాడు.

‘ఏటి బావూ ఇది? తొక్కడానికి కొన్నారా, తొంగోడానికి కొన్నారా?’

‘సీటు ప్రాబ్లం మేస్త్రీ’ అన్నాను అలవాటు కొద్దీ.

‘ఏ సీటు? దీందా, మీదా?’

మూడు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. కళ్ళు చెమర్చాయి. నాదే అన్నాను.

తువ్వాలు, కవరు ఉల్లిపాయ వలిచినట్టు వలిచి పక్కన పడేశాడు. సైకిలుని గోడకి ఆనించి నన్ను ఎక్కి కూర్చోమన్నాడు, పెడలు కిందకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టమన్నాడు. నా మోకాలు కప్పకాలులా మడిచే ఉంది. ‘మడమ పెడితే కాలు సాపుగా రావాల బావూ. అప్పుడు మునిపాదంతో తొక్కితే మోకాలు కొంచెమే ఒంగుతాది’ అని సీటు కింది పైపు నాలుగు వేళ్ళు పైకి లాగాడు. ఎంత లాగొచ్చో ఆ పైపు మీదే ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడితే ప్రమాదం, పైపు విరగొచ్చు. చూశాడు, లోపలే ఉంది. తర్వాత సీటు ముక్కు వైపు చూసి, ‘ఈ ముక్కు ఎవులెత్తినారు?’ అన్నాడు. బావమరిది పేరు చెప్పలేదు. ఎంతైనా ఇంటల్లుణ్ణి.

ముక్కు ఎత్తిన సీటు ఎక్కడ పొడుస్తుందో విడమరచక్కర్లేదు. అలాగని మరీ కిందకి వంచినా కుదరదు, మనిషి ముందుకి జారిపోతాడు, ఆ జారుడు ఆపడానికి చేతులు అదిమి పట్టుకుంటే మణికట్లు లాగేస్తాయి. మేస్త్రి ఓ చెక్క అడ్డం పెట్టి, దాని మీద తాపీపనివాళ్ళ రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా తట్టి బోల్టు బిగించాడు. కింద కమ్మీల మీద సీటుని అర అంగుళం వెనక్కి జరిపాడు. పెడల్స్ రెండూ నేలకి సమంగా ఉన్నప్పుడు ముందున్న కాలి మోకాలి చిప్ప నుంచి దారం వేలాడదీస్తే గుండు పెడలు ఇరుసు మీదకి రావాలట. రామతీర్థం గుళ్ళో ధ్వజస్తంభం నిలబెట్టేవాళ్ళకైనా ఇంత శ్రద్ధ ఉంటుందో లేదో.

నేను చదువుకున్నవాణ్ణి కదా, మేస్త్రి నాలుగు వేళ్ళని నమ్మలేదు. ఇంటికొచ్చి లెక్క కట్టాను. గోడకి నిలబడి, కాళ్ళ సందున గట్టి అట్ట పుస్తకం పైకి నొక్కిపట్టి, అక్కణ్ణించి నేలదాకా కొలవాలి. పంచాంగం పల్చగా ఉందని లావుపాటి నిఘంటువు వాడాను. మాట ఇవ్వలేకపోయినా అదలా అక్కరకొచ్చింది. 78 సెంటీమీటర్లు. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఒక సూత్రం ఉంది, ఆ కొలతని 0.883తో గుణిస్తే పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు వస్తుంది. 68.9. ఇంకో పాత లెక్క 1967 నాటిది, కింది పెడలు నుంచి సీటు దాకా ఆ కొలతకి 109 శాతం ఉండాలని. దాని ప్రకారం 85. నా సైకిలుకి ఈ రెండు లెక్కలకీ దాదాపు ఒక సెంటీమీటరు తేడా వచ్చింది, మా వీధిలో పిట్టగోడ తగువు పదకొండేళ్ళుగా నడుస్తున్నది అంతకంటే తక్కువ తేడా మీద. మేస్త్రి నాలుగు వేళ్ళు సరిగ్గా ఆ రెండింటికీ మధ్యన పడ్డాయి. మర్నాడు వెళ్ళి దండం పెట్టొచ్చాను.

ఎత్తు సరే, మరి వెడల్పో? దానికి మేస్త్రి చెప్పిన విధానం వినడానికే బిడియంగా ఉంది. గాళ్ళ అట్ట ముక్క ఒకటి గట్టి బల్ల మీద పరిచి, పల్చటి లుంగీతో దాని మీద కూర్చుని, కాస్త ముందుకి వంగి, రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. లేచాక అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం మీ కొలత. సువర్ణరేఖ మామిడిపళ్ళు వచ్చిన పెట్టె చింపి, వరండాలో బల్ల మీద వేసి కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చింది, చూసింది, ఏమీ అడగకుండా కాఫీ వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

పన్నెండు సెంటీమీటర్లు. యాభై రెండేళ్ళ జీవితంలో నా గురించి నాకు తెలియని అంకె. ఆధార్ కార్డుకి పది వేళ్ళూ, రెండు కనుపాపలూ తీసుకున్న ప్రభుత్వం ఈ ఒక్క కొలత ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాదు. ముద్ర మాత్రం స్పష్టంగా పడుతుంది, వేలిముద్రలా అరిగిపోదు. ఆ పన్నెండుకి రెండో మూడో కలిపి, నిటారుగా కూర్చుని తొక్కేవాడైతే ఇంకాస్త, వంగి తొక్కేవాడైతే ఇంకాస్త తక్కువ వెడల్పు చూసుకోవాలి. నాకు పదిహేను సరిపోయింది. పాతిక సెంటీమీటర్ల సోఫా ముక్క తొడల్ని ఒరుసుకుంటూ చేసిన పుళ్ళ గురించి ఇప్పుడు చెప్పి లాభం లేదు. కొత్త సీటు కాస్త గట్టిది, మధ్యలో పొడుగ్గా గాడి ఉంది. బొటనవేలితో నొక్కితే ఏమీ దిగదు. మొదటి నాలుగు రోజులు ఎముకల దగ్గర నొప్పి పెట్టింది, అది మామూలే అన్నాడు మేస్త్రి. అయిదో రోజు నెల్లిమర్ల వెళ్ళి వచ్చి, ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాను. శ్రద్ధ తగ్గిందని పైఆఫీసరు అనుమానంగా చూశారు.

జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం, 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజు ప్రతి ఊళ్ళోనూ పెద్దమనుషులు కొత్త సైకిళ్ళ మీద అర కిలోమీటరు ఊరేగుతారు. ఈసారి పేపర్లో ఫొటోలు వస్తే మొహాలు కాదు, మోకాళ్ళు చూడండి. అన్నీ గడ్డాల దగ్గరుంటాయి. పదవి కోసం ఇంతింత ఎత్తుకి ఎక్కినవాళ్ళు సైకిలు సీటు మాత్రం నాలుగు వేళ్ళు ఎత్తించుకోరు.

ఇదంతా వింటూ మా బావమరిది నవ్వాడు. అట్ట మీద కూర్చోవడమేంటి బావా, నీకు మతి పోయింది అన్నాడు. పరువు తక్కువ పని అన్నాడు. వాడూ సైకిలు కొన్నాడు, అదే షాపులో, అదే సోఫా సీటుతో. వారం తిరిగింది. ఆదివారం మా ఇంటికొచ్చి ఎంత రమ్మన్నా కూర్చోలేదు, నిలబడే టిఫిన్ తిన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

‘బావా, ఆ మామిడిపళ్ళ పెట్టె ఉందా ఇంకా?’

ఉంది కానీ దాని మీద నా గుంటలున్నాయి, కొత్తది తెచ్చుకో అన్నాను. మామిడి సీజను అప్పటికే అయిపోయింది. మర్నాడు పొద్దున్నే యాపిల్ పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని, వీధిలో ఎవరూ చూడకుండా దాని మీద నా టర్కీ తువ్వాలే కప్పుకుని వచ్చాడు.